కార్చిచ్చు ముందు మూడు ప్రశ్నలు: విక్టోరియా అనుభవం

మహాభారతం ఆదిపర్వంలో ఖాండవదహన సందర్భాన ఒక చిన్న కథ వస్తుంది. అడవి నలుదిక్కులా అంటుకొన్న వేళ జరిత అనే పక్షి, ఇంకా రెక్కలు రాని తన నలుగురు పిల్లలతో గూటిలో చిక్కుకుపోతుంది. పిల్లలను మోసుకొని ఎగరలేదు, విడిచి పోనూలేదు. దగ్గరలో ఉన్న ఎలుక కలుగులో దూరమని, పైన మట్టి కప్పుతానని, మంట చల్లారాక వచ్చి ఆ మట్టి తొలగిస్తానని వారికి చెబుతుంది. పిల్లలు ఒప్పుకోరు. కలుగులో ఎలుక వల్ల చావు నిశ్చయం, మంట వల్ల చావు సందేహం, గాలి మళ్లినా మళ్లవచ్చు అని వాదిస్తారు. తల్లిని వెళ్లిపొమ్మని, తాము బ్రతికి ఉంటే అగ్ని శాంతించాక తిరిగి రమ్మని కోరుతారు. నన్నయ తెలుగులోనూ నిలిచిన ఈ కథలో మూడు ప్రశ్నలున్నాయి. విడిచి పోవడమా? ఉన్నచోటనే తలదాచుకోవడమా? పోయినవారు తిరిగి రావడం ఎప్పుడు?

కార్చిచ్చు అనుభవమున్న ప్రతి సమాజమూ ఈ ప్రశ్నలను ఏదో ఒక రూపంలో ఎదుర్కొంది. అయితే వాటిని బహిరంగ విచారణకు పెట్టి, సాక్ష్యాలు నమోదు చేసి, సమాధానాలను ప్రభుత్వ విధానంగా రూపొందించి, ఆ విధానం విఫలమైనప్పుడు మళ్లీ విప్పి చూచుకొన్న చరిత్ర ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానిది. 1939, 1983, 2009 ఆ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరాలు. ప్రతిసారీ మార్పు మరణాల తరువాతనే వచ్చింది. మొదటి రెండు ప్రశ్నల మీద అక్కడ శతాబ్దం పాటు చర్చ జరిగింది. మూడవ ప్రశ్న ప్రాముఖ్యం మాత్రం చాలా ఆలస్యంగా తెలిసివచ్చింది.

అడవి, గాలి, తొలి అనుభవం

విక్టోరియా అడవుల్లో అధికభాగం యూకలిప్టస్ జాతి వృక్షాలు. తెలుగునాట జామాయిల్ తోటలుగా పెరుగుతున్నవి ఈ జాతికి చెందినవే. ఆకుల్లోని తైలం, చెట్టునుంచి పట్టీలుగా ఊడి వేలాడే బెరడు, నేలమీద పేరుకొన్న ఎండుటాకులు మంటకు మేత. వేసవిలో ఖండం నడుమనున్న ఎడారుల మీదుగా ఉత్తరపు వేడిగాలి వీస్తుంది. ఆ గాలికి మంట పొడవాటి నాలుకలా దక్షిణానికి సాగుతుంది. తరువాత నైరుతి నుంచి చల్లగాలి తిరుగుతుంది. ఉపశమనంగా తోచే ఆ గాలిలోనే అసలు ప్రమాదం ఉంది. అంతవరకు మంటకు పక్క అంచుగా ఉన్న భాగమంతా ఒక్కసారిగా ముందువైపుగా మారి కొత్త దిక్కుకు దూకుతుంది. మండుతున్న బెరడు ముక్కలు గాలిలో కిలోమీటర్ల కొద్దీ ఎగిరి, అసలు మంట రాకముందే కొత్త మంటలు రాజేస్తాయి. కొండ ఏటవాలు పది డిగ్రీలు పెరిగితే, ఎగువకు పాకే మంట వేగం సుమారు రెట్టింపవుతుంది. అంటే మంట కనబడిన తరువాత బయలుదేరినవాడు అప్పటికే ఆలస్యం చేసినవాడు.

ఆ భూమిని వేల సంవత్సరాలుగా ఎరిగిన ఆదివాసులు, అనువైన ఋతువుల్లో చిన్న చిన్న మంటలు తామే పెట్టి, వేసవికి మేత మిగలకుండా చూసేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన ఐరోపా వలసదారులకు ఆ విద్య తెలియదు. 1851 ఫిబ్రవరి 6, గురువారం నాడు విక్టోరియా భూభాగంలో దాదాపు నాల్గవ వంతు, సుమారు 50 లక్షల హెక్టార్లు మంటల పాలైంది. జనసంఖ్య అప్పటికి పలుచన గనుక మరణించిన మనుషులు సుమారు పన్నెండుగురే. గొర్రెలు మాత్రం పది లక్షలని చెబుతారు. ఆనాటి దృశ్యాన్ని విలియం స్ట్రట్ అనే చిత్రకారుడు 1864లో పెద్ద తైలవర్ణ చిత్రంగా పూర్తిచేశాడు. మనుషులు, గుర్రాలు, పశువులు, అడవిజంతువులు జాతివైరం మరచి ఒకే దిక్కుకు పరుగెత్తడం అందులోని దృశ్యం. ఆ చిత్రంలో పరుగు ఉంది, గమ్యం లేదు. ఆనాటి సమాజస్థితి కూడా అదే. హెచ్చరించే వ్యవస్థ లేదు, ఆశ్రయం లేదు, తిరుగు ప్రయాణం గురించి ఆలోచన లేదు.

ఈ కథలో భారతదేశానికి కూడా ఒక చిన్న పాత్ర ఉంది. భారత ప్రభుత్వ అటవీశాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి నిర్వహించిన బి. రిబెన్‌ట్రాప్ విక్టోరియా అడవులను పరిశీలించి 1896లో నివేదిక సమర్పించారు. బ్రిటిష్ సామ్రాజ్యమంతటా ఆనాటి అటవీశాస్త్రం దృష్టిలో అగ్ని ప్రధానంగా కలపకు శత్రువు. అడవి అంచున, అడవి లోపల బ్రతికే మనిషి భద్రత ప్రత్యేక విషయంగా ఇంకా రూపు దిద్దుకోలేదు.

1939: నేలమాళిగల వివాదం

ఆ విషయాన్ని చర్చకు తెచ్చింది 1939 జనవరి 13, శుక్రవారం. అప్పటికి కొండల నడుమ కలపకోత మిల్లులు వెలిశాయి. కార్మికులు కుటుంబాలతో సహా అడవి మధ్యలోనే నివసించేవారు. బయటికి దారి తరచుగా ఒకే ట్రాములైను లేదా ఒకే బండిబాట. ఆనాటి మంటల్లో విక్టోరియాలో 71 మంది మరణించారు. సుమారు 20 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. 69 మిల్లులు బూడిదయ్యాయి. నార్బెథాంగ్, నూజీ వంటి ఊళ్లు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి.

ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్‌కు జడ్జి లియొనార్డ్ స్ట్రెటన్ ఏకసభ్యుడుగా వ్యవహరించారు. ఆ మంటలు దైవికం కావని, మనుషుల చేతులే వాటిని రాజేశాయని ఆయన నిర్ధారించారు. ఆయన నివేదికను తరువాతి తరాలు సాహిత్యపు విలువ గల రచనగా కూడా చదివాయి. అందులో ప్రధానాంశాల్లో ఒకటి నేలమాళిగల వివాదం. మిల్లు దగ్గర నేలలో గొయ్యి తవ్వి, దుంగలతో మట్టితో కప్పి, మంట దాటిపోయేవరకు కార్మికులు తలదాచుకొనే ఏర్పాటు అది. ఖర్చు, నిర్మాణ దోషాలు చూపి కొందరు యజమానులు దానిని ఇష్టపడలేదు. సరిగా కట్టిన మాళిగలు కొన్నిచోట్ల ప్రాణాలు కాపాడాయి. సరిగా లేనివి, లేనిచోట్లు ప్రాణాలు తీశాయి. పారిపోయే దారి లేనిచోట ఆశ్రయం కల్పించడం ఎవరి బాధ్యత అనే ప్రశ్నను స్ట్రెటన్ ప్రభుత్వం ముందుంచారు. కలుగు వద్దన్న జరిత పిల్లల సందేహమే ఇక్కడ ఇంజనీరింగ్ ప్రశ్నగా మారింది.

1943-44 వేసవి మంటల తరువాత ఆయనే మరొక విచారణ జరిపారు. దాని ఫలితంగా గ్రామీణ ప్రాంతాల స్వచ్ఛంద అగ్నిమాపక దళాలన్నీ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. అదే 1945లో పని ప్రారంభించిన కంట్రీ ఫైర్ అథారిటీ. రైతు, దుకాణదారు, బడిపంతులు తమ ఊరిని తామే కాపాడుకొనే సంప్రదాయం దీనితో బలపడింది. ఊరు విడవకపోవడం గౌరవమనే భావన కూడా దానితోపాటు బలపడింది.

1983: ఇల్లే ఆశ్రయం

1983 ఫిబ్రవరి 16 క్రైస్తవుల బూడిద బుధవారం. ఆనాడు విక్టోరియాలో 47 మంది, పొరుగున ఉన్న దక్షిణ ఆస్ట్రేలియాలో 28 మంది, మొత్తం 75 మంది మరణించారు. రెండు రాష్ట్రాల్లో రెండువేలకు పైగా ఇళ్లు కాలిపోయాయి. గాలి దిశ మారిన వేళ అప్పర్ బీకన్స్‌ఫీల్డ్ దగ్గర పన్నెండుగురు స్వచ్ఛంద అగ్నిమాపకులు తమ వాహనాలతో సహా చిక్కుకొని మరణించారు.

తరువాతి పరిశోధనలు రెండు సంగతులను వెల్లడించాయి. మొదటిది, చాలా ఇళ్లు మంటగోడ తాకి కాలలేదు. రవ్వలు పెంకుల సందుల్లో, కిటికీ అంచుల్లో, చూరు కింద చేరి నెమ్మదిగా అంటుకొన్నాయి. అప్పుడు ఇంట్లో చురుకైన మనిషి ఉండి బకెట్ నీళ్లు, తడి గోనెసంచి అందుకోగలిగితే ఇల్లు నిలిచింది. రెండవది, చివరి క్షణంలో బయలుదేరినవారు దారిలో పొగలో, కూలిన చెట్ల నడుమ, వేడికి తట్టుకోలేక మరణించారు. మంట ముందుభాగం ఇంటిని దాటిపోవడానికి పట్టేది కొన్ని నిమిషాలే కాబట్టి, ఆ కొద్దిసేపు ఇల్లు మనిషిని కాపాడితే, ఆ తరువాత మనిషి ఇంటిని కాపాడగలడని నిపుణులు భావించారు.

ఈ తర్కం నుంచి ఒక విధానం పుట్టింది. ముందుగా సిద్ధపడు, ఉండి కాపాడుకో, లేదా తొందరగా వెళ్లిపో అన్నది దాని సారాంశం. నిర్ణయం పౌరునిది. ఆ ఆస్తిలో హక్కు, ఆర్థిక సంబంధం ఉన్న వ్యక్తిని బలవంతంగా బయటికి పంపే అధికారాన్ని విక్టోరియా చట్టం అధికారులకు ఇవ్వలేదు. ప్రజలను ఎదిగిన మనుషులుగా గౌరవించే విధానమిదని ఎందరో ప్రశంసించారు. పాతికేళ్లపాటు అది సఫలమైనట్లే కనిపించింది.

2009: విధానం కూలిన దినం

2009 జనవరి చివర మెల్‌బోర్న్‌లో వరుసగా మూడు రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. ఫిబ్రవరి 7, శనివారం అది 46.4 డిగ్రీలకు చేరింది. అడవి అగ్ని ప్రమాదాన్ని కొలిచే సూచికలో, రూపకర్త అలన్ మెక్‌ఆర్థర్ 1939 నాటి పరిస్థితిని 100గా, అంటే ఊహించదగిన గరిష్ఠంగా తీసుకొన్నారు. ఆ శనివారం కొన్నిచోట్ల సూచిక ఆ హద్దును ఎంతో మించిపోయింది. మధ్యాహ్నానికి ముందు కిల్‌మోర్ ఈస్ట్ వద్ద ఒక విద్యుత్ తీగ తెగి మొదలైన మంట ఒక్కటే 119 మంది ప్రాణాలు తీసింది. రాష్ట్రమంతటా మృతుల సంఖ్య 173. రెండువేలకు పైగా ఇళ్లు నాశనమయ్యాయి. కింగ్‌లేక్, స్ట్రాత్యూవెన్, మేరీస్‌విల్ పేర్లు ప్రపంచానికంతా తెలిసినవి ఆనాడే.

బెర్నార్డ్ టీగ్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 2010 జూలైలో 67 సిఫార్సులతో తుది నివేదిక ఇచ్చింది. అది బయటపెట్టిన వాస్తవాల్లో బాధాకరమైనది ఒకటి ఉంది. మృతుల్లో 113 మంది ఇళ్లలోనే మరణించారు. కాపాడుతుందని నమ్మిన ఇల్లే వారిని కాపాడలేదు. మరణించినవారిలో సుమారు 44 శాతం పన్నెండేళ్ల లోపు పిల్లలు, డెబ్బై దాటిన వృద్ధులు, రోగులు, వికలాంగులు. ఉండి కాపాడుకోమన్న విధానం ఒక ఆరోగ్యవంతుడైన, పరికరాలున్న, ధైర్యం చెదరని గృహస్థును ఊహించుకొంది. ఎన్నో ఇళ్లలో అటువంటి గృహస్థు లేడు. మరెందరో ఉండాలా పోవాలా అని తేల్చుకోక, చూద్దాం అనుకొని ఆగిపోయారు. హెచ్చరిక కొన్ని ఊళ్లకు ఆలస్యంగా అందింది, కొన్నింటికి అందనేలేదు.

మేరీస్‌విల్‌లో ఆ సాయంత్రం జరిగిన ఒక సంగతి గమనింపదగినది. ఊరి మైదానంలో గుమికూడిన జనాన్ని స్థానిక పోలీసులు సమయం మించకముందే వాహనాల వరుసగా అలెగ్జాండ్రా పట్టణం వైపు పంపించారు. ఆనాటి విధానంలో సామూహిక తరలింపుకు పెద్ద స్థానం లేదు. అయినా స్థానికంగా తీసుకొన్న ఆ నిర్ణయం ఎన్నో ప్రాణాలను కాపాడింది.

కమిషన్ పాత విధానాన్ని పూర్తిగా కొట్టివేయలేదు. దానిలోని ప్రాధాన్యాన్ని తలక్రిందులు చేసింది. తొందరగా వెళ్లిపోవడమే భద్రమైన మార్గమని, అత్యంత తీవ్రమైన రోజుల్లో ఏ ఇల్లూ నిలుస్తుందని నమ్మరాదని స్పష్టం చేసింది. తరలింపు, ఆశ్రయాలు, హెచ్చరికలు ప్రభుత్వ ప్రణాళికలో భాగం కావాలంది. ప్రమాద స్థాయిల పట్టికపై ‘విధ్వంసకర’ అనే కొత్త మెట్టు చేరింది. ఆ రోజున మంట పుట్టకముందే, ముందురోజు రాత్రి లేదా తెల్లవారగానే, ఊరు విడవాలి. ప్రమాద ప్రాంతంలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి సందేశం పంపే వ్యవస్థ 2009 చివరికి అమలులోకి వచ్చింది. ఏ దారీ లేనివారికోసం ఊరూరా చివరి ఆశ్రయ స్థలాలను గుర్తించారు. కార్చిచ్చు ప్రాంతాల్లో గృహనిర్మాణ ప్రమాణాలను కఠినం చేశారు. మెట్ల పట్టిక 2022లో దేశమంతటికీ ఒకటిగా, నాలుగు స్థాయిలకు కుదిరింది.

తిరుగు దారి

వెళ్లమని చెప్పే విద్యను విక్టోరియా ఇలా నేర్చుకొంది. తిరిగి రానిచ్చే విద్య నేర్చుకోవడం అంతకన్న కష్టమైంది.

2009 ఫిబ్రవరిలో మంటలు చల్లారాక పోలీసులు దారులకు అడ్డుకట్టలు వేశారు. లోపలివారు బయటికి వస్తే మళ్లీ లోపలికి పోరాదు. పశువులకు మేత, నీరు వేయవలసిన రైతులు, కాలిన గాయాలతో బాధపడుతున్న గొర్రెలను చూచుకోవలసినవారు, ఇంట్లో మిగిలిన బంధువులకు మందులు చేరవేయవలసినవారు ఆ కట్టల దగ్గర నిలిచిపోయారు. మేరీస్‌విల్‌లో మృతదేహాల అన్వేషణ, గుర్తింపు పూర్తి కావలసి ఉన్నందున ఊరంతా వారాల తరబడి మూసి ఉంచారు. అధికారులు చెప్పిన కారణం న్యాయమైనదే. నివాసుల వేదనా న్యాయమైనదే. తమ ఇల్లు ఉందో లేదో తెలియని మనిషికి ప్రతి దినమూ ఒక శిక్ష.

అడ్డుకట్టలు అవసరం లేదని ఎవరూ అనలేరు. మంట పోయిన ఊరు భద్రమైన ఊరు కాదు. కాలిన చెట్టు పైకి నిలిచి ఉన్నట్లు కనిపించినా, వేళ్లు నేలలోపల రోజుల తరబడి మండుతూ, గాలిలేని వేళ కూడా కూలవచ్చు. తెగిపడిన విద్యుత్ తీగలు, వేడెక్కిన గ్యాస్ సిలిండర్లు, కాలు పెడితే కుంగే మురుగుగుంటల కప్పులు దారిలో పొంచి ఉంటాయి. పాత ఇళ్ల గోడల్లోని ఆస్‌బెస్టాస్ పొడిగా లేస్తుంది. చెదలు పట్టకుండా రసాయనాలు పట్టించిన కలప కాలితే, ఆ బూడిదలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మిగులుతాయి. పైకప్పు మీది వాననీరే తాగునీరైన పల్లెల్లో తొట్లలోకి బూడిద చేరుతుంది. తరువాత వచ్చే తొలి పెద్దవాన, పట్టు కోల్పోయిన కొండమట్టిని ఊరిమీదికి దించవచ్చు.

ఈ అనుభవం నుంచి తిరుగు ప్రయాణానికీ ఒక క్రమం ఏర్పడింది. అడ్డుకట్టల దగ్గరి నియమాలను సవరించి, స్థానికులను, రైతులను, అత్యవసర పనులవారిని గుర్తించి అనుమతించే పద్ధతి తెచ్చారు. చేతికి కట్టే గుర్తింపు పట్టీలు అందులో ఒక భాగం. ప్రమాదకరమైన చెట్లను, తీగలను తొలగించాక నివాసులను, ఆ తరువాతనే బయటివారిని రానిచ్చే వరుస స్థిరపడింది. శిథిలాల తొలగింపును వ్యక్తులకు వదలకుండా ప్రభుత్వమే ఉచితంగా చేపట్టింది. విషపు బూడిదను ఎవరి పెరట్లో వారు తవ్వుకొనే అవసరం దీనితో తప్పింది.

ఇల్లు చేరినా మనసు చేరడానికి ఇంకా కాలం పట్టింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం ఏళ్లపాటు జరిపిన పరిశోధన ప్రకారం, బాధితుల్లో అధికసంఖ్యాకులు క్రమంగా కోలుకొన్నారు. కాని చెప్పుకోదగిన సంఖ్యలో కొందరిని మానసిక వేదన సంవత్సరాల తరబడి విడవలేదు. కొందరు అదేచోట మళ్లీ కట్టుకొన్నారు, మరికొందరు వేరే ఊరు వెతుక్కొన్నారు. అతిప్రమాదకరమైన చోట్ల భూమిని అమ్మదలచినవారి నుంచి ప్రభుత్వం కొనే పథకం కూడా వచ్చింది. తిరిగి రాకపోవడం కూడా గౌరవప్రదమైన నిర్ణయమేనని ఆ విధంగా అంగీకరించినట్లయింది.

కొత్త విధానానికి పెద్ద పరీక్ష 2019-20 వేసవిలో వచ్చింది. డిసెంబరు 31 ఉదయం తూర్పు తీరాన ఉన్న మల్లకూటా పట్టణాన్ని మంటలు చుట్టుముట్టాయి. ఉన్న ఒక్క దారీ మూసుకుపోవడంతో సుమారు నాలుగు వేల మంది సముద్రతీరానికి చేరారు. పగటి ఆకాశం నల్లబడి, తరువాత ఎర్రబడింది. 2020 జనవరి 3న నౌకాదళ నౌక ‘చౌల్స్’ వెయ్యిమందికి పైగా జనాన్ని ఎక్కించుకొని బయలుదేరింది. రాష్ట్ర ప్రభుత్వం తొలిసారిగా విపత్తు స్థితిని ప్రకటించింది. ప్రాణనష్టం 2009తో పోలిస్తే ఎంతో తక్కువ. అయితే కాలిన చెట్లను పరీక్షించి తొలగించేవరకు ప్రధాన రహదారి వారాల తరబడి తెరుచుకోలేదు. వెళ్లడానికి పట్టిన సమయం ఒక్క దినం. రావడానికి పట్టినది ఎన్నో రెట్లు.

మన దేశపు ప్రశ్న

భారతదేశంలో కార్చిచ్చుకు ఊళ్లు ఖాళీ చేసే సందర్భాలు తక్కువ. తరలింపు అనగానే తెలుగువారికి తోచేది తుపాను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేల ప్రాణాలు పోయాయి. 2013లో ఫైలిన్ తుపానుకు ముందు ఒడిశా, ఆంధ్ర తీరాల నుంచి లక్షలాది ప్రజలను తరలించడంతో మరణాలు పదుల సంఖ్యకు పరిమితమయ్యాయి. ఈ రెంటి నడుమ మన పరిపాలన నేర్చుకొన్నది అపారం. గొడ్డూగోదను, గింజలను విడిచి రానన్న రైతును ఒప్పించవలసి వచ్చిన ప్రతి తహసీల్దారుకూ విక్టోరియా అడ్డుకట్టల కథ కొత్తగా తోచదు.

అడవి విషయంలో ఆ నేర్పు ఇంకా పెరగవలసి ఉంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో కాలినడక యాత్రకు వెళ్లినవారు మంటల్లో చిక్కుకొన్నారు. ఆ ఘటనలో ఇరవైమందికి పైగా మరణించారు. ఉపగ్రహ సమాచారంతో భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి మంటల హెచ్చరికలు పంపుతోంది. మంట ఎక్కడున్నదో డెహ్రాడూన్‌కు తెలుస్తుంది. ఆ దారిలో నడుస్తున్న మనిషికి అది తెలియడం వేరే పని.

నల్లమలలోని చెంచు పెంటల వంటి ఆవాసాల విషయంలో ఈ ప్రశ్న మరింత లోతైనది. వన్యప్రాణి సంరక్షణ పేరిట శాశ్వతంగా తరలిస్తారేమోనన్న శంక ఉన్నచోట, మంట వేళ కొద్దిరోజులకు రమ్మన్న పిలుపును కూడా అనుమానంగానే వింటారు. తిరిగి రావడం నిశ్చయమని నమ్మినవాడే తొందరగా బయలుదేరుతాడు. ఆ నమ్మకం మంట రోజున పుట్టదు. అది అంతకుముందు సంవత్సరాల్లో పరిపాలన నిలుపుకొన్న మాటల మీద ఆధారపడి ఉంటుంది. విక్టోరియా మూల్యం చెల్లించి నేర్చుకొన్న పాఠాల్లో మనకు ముఖ్యమైనది ఇదే. తరలింపు ఉత్తర్వు వ్రాసే అధికారి, అదే కాగితం మీద తిరుగు ప్రయాణాన్ని కూడా వ్రాయవలసి ఉంటుంది: ఎవరు పరీక్షిస్తారు, ఎవరు ముందు వెళ్తారు, పశువుల సంగతి ఏమిటి, నీరు ఎక్కడిది, కబురు ఎవరు చెబుతారు.

ఖాండవంలో మంట శాంతించాక జరిత తిరిగి వచ్చింది. అగ్నిని స్తుతించి బ్రతికి బయటపడిన పిల్లలను ఒక్కొక్కరినీ విడివిడిగా దగ్గరకు తీసుకొని కన్నీరు పెట్టుకొంది. ఆ తరువాత తండ్రి మందపాలుడు కూడా వచ్చి కుశలం అడిగాడు. ఆపదలో దగ్గర లేని ఆ తండ్రికి తల్లిగాని, పిల్లలుగాని వెంటనే బదులు చెప్పలేదు. అగ్ని వారిని విడిచిపెట్టినా, వారి నడుమ మాట కలవడానికి కొంత సమయం పట్టింది.